సుఖవ్యాధులు – గ్రామపెద్దలు తెలిసికొనవలసిన విషయములు

పంచాయతీ సమావేశములలో మంచినీటి కుళాయిలను గూర్చియు, వీధి దీపములను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు చర్చించుట మనకు అలవాటే. మలేరియా, డెంగ్యూ జ్వరములను గూర్చి మాటలాడుటకు ఎవరును సంకోచింపరు. కాని కొన్ని వ్యాధుల పేరెత్తినంతనే సభలోని పెద్దలు తలలు వంచుకొందురు. లేదా నవ్వి ఊరకుందురు. వానినే లోకము సుఖవ్యాధులనుచున్నది. ఇంతకంటె పొసగని పేరు మరియొకటి ఉండదేమో! ఆ వ్యాధుల వలన బిడ్డలు కలుగక దుఃఖించు దంపతులను, కడుపులోనే బిడ్డను పోగొట్టుకొను తల్లులను చూచినవారెవరును ఆ పేరు పెట్టియుండరు. అయినను అందరికి తెలిసిన మాట అదియే గనుక మేమును దానినే వాడుచున్నాము.

ఈ విషయమును ఇప్పుడు ప్రస్తావించుటకు కారణము కలదు. అనకాపల్లి అనగానే తెలుగువారికి బెల్లము జ్ఞప్తికి వచ్చును. శారదా నదీ ప్రాంతపు చెరకు తోటలు, బెల్లపు దిమ్మలతో నిండిన మార్కెట్టు, 1913లో నెలకొనిన చెరకు పరిశోధన కేంద్రము ఈ ఊరికి పేరు తెచ్చినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కాని ఈనాడు ఈ జిల్లా చెరకు మీదనే ఆధారపడి లేదు. పరవాడలో ఔషధ పరిశ్రమలు, అచ్యుతాపురములో ప్రత్యేక ఆర్థిక మండలి, అందులో వేలకొలది యువతులు పనిచేయు దుస్తుల కర్మాగారము ఏర్పడినవి. చుట్టుపట్ల గ్రామముల నుండి యువతీయువకులు ఇంటర్మీడియెట్టో, ఐ.టి.ఐ.యో, డిగ్రీయో ముగించి, అక్కడికి పనులకు పోవుచున్నారు. కొందరు ఉదయము బస్సులో వెళ్ళి రాత్రికి ఇల్లు చేరుదురు. దూరపు వారు అద్దె గదులలోను, హాస్టళ్ళలోను ఉందురు. చేతిలో జీతము, సెల్ ఫోను కలవు. కంటికి ఎదురుగా తలిదండ్రులు లేరు. పరిచయములు స్నేహములగుచున్నవి. కొన్ని స్నేహములు పెండ్లి వరకు పోవును. మరికొన్ని పెండ్లి ఆలోచన లేకుండగనే దేహసంబంధముగా మారి, కొన్ని నెలలకు ముగిసిపోవును. దీనిని నేటి యువజనులు డేటింగ్ అందురు.

ఇది పరిశ్రమల దోషమని గాని, పనికి పోవు ఆడపిల్లల దోషమని గాని మా అభిప్రాయము కాదు. అట్టి మాట అనువారు పిల్లల చదువును, కుటుంబముల రాబడిని కూడ చెడగొట్టుచున్నారు. హైదరాబాదుకు చదువునకు పోయిన వారి విషయమును ఇంతే; లారీ తోలుకొని కలకత్తా వరకు పోవు వారి విషయమును ఇంతే; ఊరు విడువని వారి విషయమును ఇంతే. పెండ్లికి ముందు ఎట్లు మెలగవలెనో చెప్పుట తలిదండ్రుల పని. వారు చెప్పుకొందురు గాక. వ్యాధి ఎట్లు వచ్చునో, ఎట్లు రాకుండునో చెప్పుట మా పని. నీతి చెప్పినంత మాత్రమున సూక్ష్మజీవి ఆగదు.

చెరకు రైతులకు ఎర్రకుళ్లు తెగులును గూర్చి మేము వేరుగా చెప్పనక్కరలేదు. తెగులు సోకిన తోట నుండి తెచ్చిన విత్తనపు ముచ్చె పైకి పచ్చగా, నవనవలాడుచు కనపడవచ్చును. గడను నిలువుగా చీల్చి చూచిన గాని లోపలి ఎరుపు బయటపడదు. అందుచేత తెలిసిన రైతు గడ అందమును చూచి మోసపోడు. ఏ తోట నుండి వచ్చినదో విచారించి, ముచ్చెలను మందులో ముంచి నాటును. సుఖవ్యాధుల విషయములో గ్రహింపవలసిన మొదటి సంగతి సరిగా ఇదియే. ఇవి సోకిన వారిలో పెక్కుమందికి ఏ లక్షణమును కనపడదు. ముఖ్యముగా స్త్రీలలో క్లమీడియా, గనేరియా అను వ్యాధులు నెలల తరబడి ఏ బాధయు లేకుండ లోలోపలనే ఉండవచ్చును. మనిషి శుభ్రముగా ఉన్నాడు, చదువుకొన్నవాడు, మంచి కుటుంబములోని వాడు అను గుర్తులు దీనికి పనికిరావు.

ఒక ఉదాహరణము ఊహింతము. ఒక కర్మాగారములో పనిచేయు యువకునకు ఒక యువతితో స్నేహము కలిగినది. ఆతడు మరెవ్వరి జోలికిని పోడు, ఆమెయు అంతే. ఇరువురును నిజాయితీ గలవారే. కాని రెండేండ్ల క్రితము ఆతనికి మరియొక స్నేహము ఉండెను. ఆ స్నేహితురాలికి అంతకు ముందు మరియొకరితో పరిచయము కలదు. ఆ మొదటివాని వద్దనున్న సూక్ష్మజీవి ఇట్లు చేతులు మారి, ఏ పాపమును ఎరుగని ఈ యువతి వద్దకు చేరినది. ఒక ఏడాదికి ఆమెకు వేరొక సంబంధము చూచి, పెద్దలు పెండ్లి చేసిరి. మూడేండ్లయినను కడుపు పండలేదు. అత్తవారు గొడ్రాలనిరి; మ్రొక్కులు మ్రొక్కిరి; జాతకములు చూపిరి. కారణము గర్భనాళములలో ఎన్నడో కలిగి, మందు లేక మూసికొనిపోయిన వాపు. ఆనాడు కొలది రూపాయల మాత్రలతో పోవలసిన వ్యాధి అది. ఇందులో ఎవరు ఎవరిని మోసగించిరి? ఎవరును లేరు. సన్నిహితుడైన ఒక్కని నమ్మినంత మాత్రమున, ఆతని వెనుకనున్న వారందరి ఆరోగ్యమునకు పూచీ లభింపదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము, 2020వ సంవత్సరములో 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల వారిలో క్రొత్తగా 37 కోట్ల 40 లక్షల సంక్రమణములు కలిగినవి. అనగా దినమునకు పది లక్షలకు పైమాట. ఇది గనేరియా, క్లమీడియా, సిఫిలిస్, ట్రైకోమోనాస్ అను నాలుగింటి లెక్క మాత్రమే. ఈ నాలుగును మందుతో పూర్తిగా నయమగునవే. హెర్పిస్, హెపటైటిస్ బి, హెచ్.ఐ.వి., గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు మూలమగు హెచ్.పి.వి. అను వైరస్సులు వేరుగా కలవు.

గనేరియాను మన పెద్దలు సెగ అనిరి. పురుషునికి సాధారణముగా వారము, రెండు వారములలోపున మూత్రములో మంట, చీము కనపడును. సిఫిలిస్‌కు సవాయి అని పేరు. ఇది మిక్కిలి టక్కరి వ్యాధి. సంపర్కము జరిగిన సుమారు మూడు వారములకు మర్మావయవముపై ఒక చిన్న పుండు లేచును, నొప్పి యుండదు. కొన్ని వారములకు ఏ మందును వాడకున్నను దానంతట అదియే మానిపోవును. రోగి సంతోషించి, తాను వాడిన ఆకుపసరు పనిచేసినదని పదిమందికి చెప్పును! సూక్ష్మజీవి మాత్రము రక్తములో ప్రవేశించి యుండును. తరువాత అరచేతులలో, అరికాళ్ళలో దద్దురులు లేచి, అవియు పోవును. ఏండ్లు గడచిన పిమ్మట గుండెను, మెదడును పట్టుకొనును. గర్భిణికి ఈ వ్యాధి ఉన్నచో బిడ్డ గర్భములోనే మరణింపవచ్చును, లేదా రోగముతో పుట్టవచ్చును. ఒకప్పుడు దీనికి పాదరసపు మందులిచ్చి, రోగముతో పాటు రోగినికూడ క్షీణింపజేసెడివారు. 1943లో పెన్సిలిన్ దీనిని నయము చేయునని ఋజువైనది. వ్యాధి తొలిదశలో ఉన్నప్పుడు నేటికిని ఒక్క విడత బెంజథీన్ పెన్సిలిన్ సూది మందుతో నయమగుచున్నది. ఇక క్లమీడియాకు వాడు డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబములోనిది. ఆ కుటుంబములో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినప్పుడు, అమెరికాలో దానిని కనుగొనిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్దగా ఉండినవాడు భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువాని పర్యవేక్షణలో వచ్చిన మందు తెలుగు పల్లెలోని రోగికి సిగ్గు వలన అందకపోవుట విచారకరము.

మన ప్రాంతములో ఈ సిగ్గునకు తోడు మరియొక చిక్కు కలదు. మూత్రములో మంట అనగానే వేడి చేసినదందురు. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, సబ్జా గింజలు, బార్లీ జావ తాగింతురు. అవి మంచివే; ఎండకాలములో అందరును తాగదగినవే. కాని వానితో గనేరియా పోదు. అట్లే తెల్లబట్ట అయిన ప్రతి స్త్రీకిని సుఖవ్యాధి కలదని అనుకొనుటయు తప్పు. కొంత తెలుపు స్వభావసిద్ధము. దుర్వాసన, దురద, రంగు మార్పు, పొత్తికడుపులో నొప్పి ఉన్నచో వైద్యునికి చూపవలెను. మూడవది, గోడలపై రహస్య వ్యాధులకు గ్యారంటీ వైద్యమని వ్రాయించి, నెలకొకసారి లాడ్జి గదిలో దిగువారి సంగతి. వారు పుచ్చుకొను రుసుము రహస్యమునకే గాని వైద్యమునకు కాదు. మందుల దుకాణములో చీటీ లేకుండ రెండు మాత్రలు కొని మ్రింగుటయు ఇట్టిదే. అరకొర మోతాదులతో గనేరియా క్రిమి మందులకు లొంగకుండ పోవుచున్నదని ప్రపంచమంతటను వైద్యులు ఆందోళన చెందుచున్నారు.

కలిసి భుజించుట వలన, ఒకే చెరువులో స్నానము చేయుట వలన, దోమకాటు వలన, కరస్పర్శ వలన ఈ వ్యాధులు రావు. లైంగిక సంపర్కము వలన వచ్చును. వీనిలో కొన్ని రక్తము ద్వారా, ఒకరికి వాడిన సూది ద్వారా, తల్లి నుండి బిడ్డకు కూడ సంక్రమించును.

ఇక నివారణోపాయములు. సంపర్కమునకు దూరముగా ఉండుట, లేదా పరీక్షలలో వ్యాధి లేదని తేలిన ఇరువురు ఒకరికొకరే అయి ఉండుట నిశ్చయమైన మార్గములు. తక్కిన వారందరికిని కండోమ్ కావలెను. మన దేశములో 1968లో నిరోధ్ అను పేరుతో దీనిని మూడింటికి 15 పైసల వెలకు కిరాణా కొట్టులలో సైతము అమ్మించిరి. నాటి నుండి పల్లెలలో అది కుటుంబ నియంత్రణ సాధనముగనే తెలియును; వ్యాధి నుండి కాపాడునను సంగతి పలువురకు తట్టదు. గర్భము రాకుండ మాత్రలు మ్రింగు యువతి, కాపర్-టి వేయించుకొనిన స్త్రీ, తమకిక ఏ భయమును లేదనుకొందురు. గర్భమును ఆపు మాత్ర సూక్ష్మజీవిని ఆపదు.

కండోమ్ వాడుటలో జరుగు పొరపాట్లను కూడ నిస్సంకోచముగా చెప్పవలసియున్నది. ప్రతిసారియు క్రొత్తది, మొదటి నుండి చివరి వరకు వాడవలెను. పొట్లముపై ముద్రించిన గడువు తేదీని చూడవలెను. జేబు పర్సులో, బండి పెట్టెలో ఎండకు నెలల తరబడి ఉంచినది చిరుగును. కొబ్బరినూనె, వాసెలిన్ తగిలినచో రబ్బరు మెత్తబడి పాడగును. ఇది చాలమందికి తెలియదు. ఒకదానిపై ఒకటి రెండు తొడిగినచో రక్షణ రెట్టింపు కాదు, చిరుగు ప్రమాదమే పెరుగును. తొడుగు కప్పని చోట పుండు ఉన్నచో హెర్పిస్, సిఫిలిస్ వంటివి సోకవచ్చును గనుక, పుండు కనపడినప్పుడు సంపర్కమునే మానవలెను.

రెండు వ్యాధులకు టీకాలు కలవు. హెపటైటిస్ బి టీకాను బిడ్డ పుట్టిన 24 గంటలలోపుననే ప్రభుత్వ ఆసుపత్రులలో వేయుచున్నారు. హెచ్.పి.వి. టీకా 9 నుండి 14 ఏండ్ల బాలికలకు వేయించినచో మిక్కిలి ఫలకారి. దీనిని వేయించుట పిల్లకు చెడు నేర్పుట అగునని కొందరు తలిదండ్రులు శంకింతురు. ధనుర్వాతపు టీకా వేయించిన పిల్లవాడు ఆ ధైర్యముతో మేకులు త్రొక్కుచున్నాడా?

లక్షణములు లేకున్నను క్రొత్త సంబంధమునకు ముందు ఇరువురును పరీక్ష చేయించుకొనుట వివేకము. నిన్న సోకిన వ్యాధి నేటి పరీక్షలో తేలదు. హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలలో నిజము తేలుటకు మూడు నెలల వరకు పట్టవచ్చును గనుక, అనుమానమున్నచో మూడు నెలలకు మరల చేయించుకొనవలెను. హెచ్.ఐ.వి. సోకినదేమో అను ప్రమాదము జరిగిన వెంటనే, ఎట్టి పరిస్థితిలోను 72 గంటలు దాటకుండ, పెద్ద ఆసుపత్రికి పోయినచో, దానిని అడ్డగించు మందులు 28 దినములు వాడవలసి యుండును. వ్యాధి తేలినప్పుడు ఒక్కరు మందు తినిన చాలదు; జతలోని ఇద్దరును తినవలెను, చికిత్స ముగియు వరకు దూరముగా ఉండవలెను. లేనిచో కుండలు మార్చుకొన్నట్లు వ్యాధిని ఒకరి నుండి ఒకరు తిరిగి పుచ్చుకొందురు. నయమగు వ్యాధి మరల మరల వచ్చుచున్నదని వాపోవు వారిలో అనేకులు ఈ ఒక్క మాటను పాటింపని వారే.

దేశములో హెచ్.ఐ.వి. సోకిన వారి సంఖ్య మిక్కుటముగా గల రాష్ట్రములలో మహారాష్ట్రతోను, కర్ణాటకతోను పాటు మన ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. పులిరాజాను గూర్చిన గోడ ప్రకటనలు ఈ శతాబ్దపు తొలినాళ్ళలో ఊరూర వెలసినప్పుడు జనులు నవ్వుకొనిరి. కాని ఆ నవ్వుతోనే ఎయిడ్స్ అను మాట పల్లె నోట పలుకనారంభించినది. అప్పటికిని ఇప్పటికిని వచ్చిన పెద్ద మార్పేమనగా, హెచ్.ఐ.వి.కి ఉచిత మందులు 2004 నుండి దేశములో లభించుచున్నవి. 2017 నుండి వ్యాధి తేలిన ప్రతివారికిని వెంటనే మందులు ప్రారంభింతురు. క్రమము తప్పక వాడి, రక్తములో వైరస్సు పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుండి, సంపర్కము ద్వారా ఇతరులకు ఆ వ్యాధి సోకదు. వారు పెండ్లియాడి ఆరోగ్యవంతులైన బిడ్డలను కనుచున్నారు.

పంచాయతీ సభ్యులు ఇందు చేయదగినదేమి? రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఆరోగ్యమును ఉన్నది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ కూర్చుండినప్పుడు ఏ.ఎన్.ఎం.ను కొన్ని ప్రశ్నలు అడుగవచ్చును. ఊరిలోని ప్రతి గర్భిణికిని సిఫిలిస్, హెచ్.ఐ.వి. రక్తపరీక్షలు తొలి నెలలలోనే జరుగుచున్నవా? ఆశా కార్యకర్త వద్ద కండోములు నిలువ ఉన్నవా, లేక పెట్టె అడుగున గడువు తీరి పడియున్నవా? పెండ్లికాని యువకుడు అడిగినచో ఆమె ఇచ్చునా, లేక నీకెందుకని ఎగతాళి చేయునా? ఈ చివరి ప్రశ్నకు వచ్చు జవాబును బట్టియే ఆ ఊరి పరిస్థితి తెలిసిపోవును. ఎవరి పేర్లును అడుగరాదు; సంఖ్యలు చాలును.

చేయకూడని పనులును కలవు. పెండ్లికి ముందు వధూవరులు హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకొని తీరవలెనని కొన్ని చోట్ల పెద్దలకు తోచును. ఉద్దేశము మంచిదే కావచ్చును గాని అది చెల్లదు. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలునకు వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ చట్టము ప్రకారము, విషయము తెలిసి మనిషి తానుగా ఒప్పుకొనిన గాని పరీక్ష చేయరాదు. ఫలితమును ఇతరులకు వెల్లడింపరాదు. వ్యాధి ఉన్నదను కారణమున ఉద్యోగము నుండి, బడి నుండి, అద్దె ఇంటి నుండి తొలగింపరాదు. అట్టివారిపై ద్వేషమును ప్రచారము చేసినచో మూడు నెలల నుండి రెండేండ్ల వరకు శిక్ష పడవచ్చును. రచ్చబండ వద్ద ఒక యువతిని నిలబెట్టి విచారించుట, కుటుంబమును వెలివేయుట వంటివి చేసిన ఊరిలో, ఆ తరువాత రోగము కలవారెవరును నోరు విప్పరు. రోగము మాత్రము ఊరు విడువదు. పదునెనిమిది ఏండ్లు నిండని పిల్లల విషయము వేరు. వారితో లైంగిక సంబంధము 2012 నాటి పోక్సో చట్టము క్రింద నేరము. కన్యతో కూడినచో ఈ వ్యాధులు పోవునను దుష్టమైన మాట ఎక్కడ వినవచ్చినను పెద్దలు అక్కడికక్కడే ఖండింపవలెను.

చికిత్స ఎక్కడనని అడుగువారికి జవాబు సిద్ధముగా ఉండవలెను. సుఖవ్యాధులకై ప్రభుత్వము పెద్ద ఆసుపత్రులలో సురక్ష క్లినిక్కులను ఏర్పరచినది; అచ్చట సలహాయు, మందులును ఉచితము. అనకాపల్లి వారికి పట్టణములోని ఎన్.టి.ఆర్. ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. ఊరిలో తెలిసినవారు చూతురను భయము గలవారు 1923 నుండి ఉత్తరాంధ్రకు పెద్ద దిక్కుగా నిలిచిన విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రికి పోవచ్చును. అంతదూరము పోవుటకు వెనుదీయువారు 1097 అను నంబరుకు ఫోను చేసినచో, పేరు చెప్పకయే సలహా పొందవచ్చును. దానికి రుసుము లేదు. ఆ నంబరును, ఆసుపత్రి పేరును, బయటి రోగులను చూచు వేళలను పెద్ద అక్షరములతో ఒక కాగితముపై వ్రాయించి అంటింపుడు. సచివాలయపు వరండాలో పదిమంది ఎదుట దానిని చదువుటకు ఎవరును సాహసింపరు గనుక, బస్సు స్టాండులోని మరుగుదొడ్డి తలుపునకు లోపలి వైపున, ఆడవారి వైపున ఒకటి, మగవారి వైపున ఒకటి అంటించుట మేలు.